కోతల్లేని సర్కిల్లో ఛేంజోవర్ స్విచ్చి

కరెంటు పోవడాన్ని రద్దు చేసిన రోజున గుమ్మలేరులో కరెంటు లేదు.

విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో పదకొండింటికి మీటింగు. కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే చీకటి. దుమ్ము కంటే చీకటే ఆఫీసుకి హుందాగా ఉంటుందని ఏ.ఇ. శేషశయనం గారు మూయించారు. సర్కిల్ ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్ని ఆయన చదువుతుంటే లైన్‌మన్ అబ్బులు పక్కన నిలబడి సెల్‌ఫోన్ టార్చి పట్టాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అబ్బులు స్తంభాలెక్కిన సార్ల కన్నా పై అధికారులకి వెలుగు చూపించిన సార్లే ఎక్కువ.

"‘ఈ నెల ఒకటవ తేదీ నుండి మన సర్కిల్‌ను కోత రహిత సర్కిల్‌గా ప్రకటించడమైనది. కావున ఇకమీదట సరఫరాలో కోత, అంతరాయం, ఆటంకం వగైరాలు సంభవింపజాలవు. ఒకవేళ సంభవించినచో వాటిని సంభవించినట్లుగా పరిగణింపరాదు.’ అర్థమైందా?"

"అయ్యిందండి," అన్నాడు అబ్బులు. కోతలుండవని ఇన్నేసి కోతలు కోసిన కాగితాన్ని అతను ఇదివరకెప్పుడూ చూడలేదు. "మరి ఇప్పుడు పోయిందానికి ఏం రాయమంటారండి?"

"ఏం పోయింది?"

"కరెంటండి."

శేషశయనం గారు తలెత్తి ఫ్యాను వంక చూశారు. ఫ్యాను ఆయన వంక చూసింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"ఏదీ పోలేదు. రాయడానికేమీ లేదు," అన్నారాయన. నిజంగానే రాయడానికేమీ లేదు. రోజూ సాయంత్రం నాలుగింటిలోగా కంప్యూటర్లో పంపాల్సిన రిపోర్టులో ‘అంతరాయాల సంఖ్య’ అన్న గడిలో, సిబ్బందికి శ్రమ లేకుండా, పైవాళ్ళే సున్నా వేసి ఇచ్చారు. మనం నొక్కాల్సింది ‘పంపు’ అన్న మీట ఒక్కటే. నాలుగు దాటితే మాత్రం సర్కిల్ పేరు ఎర్రక్షరాల్లోకి మారుతుంది. అప్పుడు అధికారుల మొహాలు కూడా అదే రంగులోకి మారతాయి.

తర్వాత శేషశయనం గారు బల్ల మీదున్న ఎల్.సి. పుస్తకం తీశారు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కబోయే ముందు లైను ఆపి, పేరూ టైమూ ఆ పుస్తకంలో రాసుకుని, "లైనాపాం, ఎక్కు" అంటారు. అతను దిగొచ్చి "దిగాను" అని సంతకం పెట్టేదాకా ఇంక ఎవరూ లైనివ్వకూడదు. దేవుడు రాసింది ఎంత ఉన్నా, అబ్బులు లాంటివాళ్ళ ఆయుష్షు రోజువారీగా రాసేది ఆ పుస్తకంలోనే.

"లైను ఆపితేనే కదా ఎల్.సి.?" అన్నారు శేషశయనం గారు. "లైను ఆపడమంటే కోత. కోత లేదు. కాబట్టి ఎల్.సి. లేదు. కాబట్టి పుస్తకం లేదు." పుస్తకం చెత్తబుట్టలో పడింది.

"మరి స్తంభం ఎలాగెక్కడమండి?"

"జాగ్రత్తగా."

మీటింగు ముగిసింది. అబ్బులు చెత్తబుట్టలోంచి పుస్తకం తీసి చంకన పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

*

ఆ పుస్తకం ఇంట్లో బాగానే పనికొచ్చింది. అబ్బులు భార్య మంగతాయారు గుడ్లు పొదిగే పెట్టెను ఓ కుంటి బల్ల మీద పెట్టింది. పొట్టి కాలు కింద పుస్తకం పెడితే బల్ల సరిగ్గా నిలబడింది.

తాయారు కౌజు పిట్టల్ని పెంచుతుంది. పెట్టెలో ఆరొందల గుడ్లు పెట్టి పదిహేడు రోజులు ఒకే వేడిలో ఉంచితే పిల్లలవుతాయి. ఆ వేడి ఇచ్చేది కరెంటు. తల్లిపిట్ట మేతకి లేచినా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కరెంటుకి ఆ బాధ్యత లేదు. ఇప్పటికి రెండు విడతల గుడ్లు పెట్టెలోనే చల్లారిపోయాయి. రెండోసారి పన్నెండోరోజు పోయినప్పుడు, తాయారు గుడ్లన్నీ గంపకెత్తి పెరట్లో గుంట తీసి పూడ్చి, ఆ పూట అన్నం తినలేదు. మూడోసారి కూడా పోతే పెట్టె అమ్మేస్తానని చెప్పేసింది. అందుకే చేత్తో ఎత్తుకుపోగలిగే చిన్న పెట్రోలు జనరేటరొకటి కొంది. దాన్ని ఇంటి వైరింగుకి కలపాలి.

కలిపే సరుకు కోసం సత్తిరాజు ఎలక్ట్రికల్ కొట్టుకెళితే అతను రెండు పక్కలా పిన్నులున్న వైరొకటి చేతిలో పెట్టాడు.

"ఓ మూతి జనరేటర్లో పెట్టక్కా, రెండో మూతి గోడకున్న ఏ సాకెట్లోనన్నా పెట్టు. ఇల్లంతా ఎలిగిపోద్ది. ఊళ్ళో సగం మంది ఇదే వాడతన్నారు."

తాయారు దాన్ని ఇంటికి తెచ్చి మొగుడికి చూపించింది. అబ్బులు ఆ రెండుమూతుల వైరుని పాముని పట్టుకున్నట్టు మధ్యలో పట్టుకున్నాడు.

"ఇది గోడలో పెడితే మనింట్లో కరెంటు వెలగడమే కాదే, మీటరు దాటి వెనక్కి స్తంభం మీదికి పోద్ది. స్తంభం మీంచి ట్రాన్స్‌ఫార్మరుకి పోతే అక్కడ పదకొండు వేల వోల్టులై కూర్చుంటాది. కరెంటు పోయిందనుకుని అప్పుడు పైన తీగ పట్టుకున్నోడు ఇంక దిగడు, దింపాలి."

"కరెంటు పోయినప్పుడు ఆ స్తంభం మీద ఎవరుంటారండీ?"

తాయారు మొగుడి మొహం చూసి, వైరు చేతిలోంచి లాక్కుని, అడకత్తెర తెచ్చి మధ్యకి కత్తిరించి పడేసింది. కోత రహిత సర్కిల్ ఏర్పడ్డాక తన కళ్ళ ముందు జరిగిన మొట్టమొదటి కోత అదేనని అబ్బులు లెక్క.

"దీనికి మంచి దారి లేదా?"

ఉంది. ఛేంజోవర్ స్విచ్చి. దాని పిడి పైకెత్తితే ఇంటికి లైను కరెంటు. కిందికి దించితే జనరేటరు కరెంటు. మధ్యలో ఉంటే ఏదీ లేదు. రెండూ ఒకేసారి మాత్రం చచ్చినా కలవవు. జనరేటరు ఎంత మొత్తుకున్నా దాని కరెంటు గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళలేదు. పైనున్నవాడు పైనే బతికుంటాడు, లోపలున్న గుడ్లు లోపలే బతికుంటాయి.

"అయితే అదే పెట్టించండి."

"అలాగలాగ పెట్టకూడదే. దానికి మా ఆఫీసు పర్మిషను కావాలి. నేను ఆ ఆఫీసోణ్ణే కాబట్టి ఇంకా గట్టిగా కావాలి."

"మరి ఈ వైరుకి?"

"దీనికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదు."

తాయారు తెగిన వైరు ముక్కల్ని ఏరుతూ, "మీ ఆఫీసుని కూడా పెట్టెలో పెట్టి పొదగాలండీ," అంది. "ఇంకా కళ్ళు తెరిచినట్టు లేదు."

*

అబ్బులు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకెళ్ళేసరికి వెనక వరండాలో ఏదో బడబడమని మోగుతోంది.

"అది జనరేటరు కదండీ?"

"కాదు," అన్నారు శేషశయనం గారు. "రిపోర్టు సహాయక యంత్రం. అంతరాయాలు సున్నా అని పంపడానికి కంప్యూటరు నడవాలి కదా?"

యంత్రంలోంచి ఓ వైరు కిటికీ గుండా లోపలికి పోయింది. లోపల ఎక్కడికి పోయిందో అబ్బులు అప్పుడు చూడలేదు. చూడాల్సింది.

శేషశయనం గారు దరఖాస్తు చదివి ఏడో గడి దగ్గర ఆగారు. ‘జనరేటరు అవసరమునకు కారణము’ అన్నచోట తాయారు గుండ్రని అక్షరాలతో ‘కరెంటు పోతుంది కాబట్టి’ అని రాసింది.

"ఇది సంస్థ మీద దుష్ప్రచారం."

"కారణం కొట్టేస్తానండి."

"కారణం లేని దరఖాస్తు తిరస్కరణకు అర్హమైనది."

"పోనీ ఆ రెండుమూతుల వైరుకేమన్నా దరఖాస్తు పెట్టమంటారాండి?"

"దాని ప్రస్తావన నిబంధనావళిలో లేదు. ప్రస్తావనే లేనిదానికి అనుమతి ఇవ్వడం గానీ, నిషేధించడం గానీ మా పరిధిలోకి రాదు. ఛేంజోవర్ స్విచ్చికి మాత్రం నాలుగు పేజీల ప్రస్తావన ఉంది. అందుకే దాన్ని ఇంతవరకూ ఈ సెక్షన్లో ఎవరికీ ఇవ్వలేదు."

కాగితం ఇంటికొచ్చింది. తాయారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత కారణం కొట్టేసి కొత్తది రాసింది: ‘కరెంటు ఎన్నడూ పోదు కనుక, ఎన్నడూ వాడకుండా ఉంచుకొనుటకు.’

అది చదివాక శేషశయనం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశావా అబ్బులూ, సంస్థ మీద నమ్మకమంటే ఇలా ఉండాలి!" అని వెంటనే స్వీకృతి ముద్ర వేశారు. "స్విచ్చి బిగించుకోవచ్చు. అయితే దాని పనితీరుని డి.ఇ. గారూ నేనూ స్వయంగా పరీక్షించి సర్టిఫై చేసేదాకా దాన్ని గానీ, విడిగా జనరేటరుని గానీ వాడరాదు."

ఆ నమ్మకంతో తాయారు మూడో విడత ఆరొందల గుడ్లు పెట్టెలో పెట్టింది. జనరేటరుని పొగ ఇంట్లోకి రాకుండా పెరట్లో రేకు కింద పెట్టించి, గోడకి స్విచ్చి బిగించింది.

*

పదకొండో రోజున కమిటీ వచ్చింది. డి.ఇ. విరూపాక్షం గారు బరువైన మనిషి. ఆయన మాటలు ఆయన కంటే బరువు. కుర్చీలో కూర్చుని, స్విచ్చి వంక అనుమానితుణ్ణి చూసినట్టు చూశారు.

"దీనిని వాస్తవ పరిస్థితులలో పరీక్షించవలసి ఉన్నది. అనగా సరఫరా లేనప్పుడు. వేచి చూద్దాం."

వేచి చూశారు. మామూలు రోజుల్లో పూటకి నాలుగుసార్లు పోయే కరెంటు ఆ పూట పోలేదు. మర్నాడూ పోలేదు. డి.ఇ. గారు ఫలానా వీధిలో కూర్చున్నారని తెలిసి, సబ్‌స్టేషన్ ఆపరేటరు గోవిందు ఆ వీధిని కంటికి రెప్పలా చూసుకుంటూ, ఆ కరువంతా పక్క వీధుల మీద తీర్చుకున్నాడు.

తాయారుకి మాత్రం వంట తప్పలేదు. పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం బెండకాయ పులుసు, సాయంత్రం పకోడీలు. పెట్టెలో గుడ్ల వేడి కంటే పొయ్యి మీద గిన్నెల వేడి చూడ్డమే ఎక్కువైంది. ఐనా గుడ్లకింత మంచి రోజులు ఎప్పుడూ రాలేదు. ఆ వీధి ఆడవాళ్ళు ఓ ఎనిమిది మంది తాంబూలం పళ్ళెంతో వచ్చి, "బాబ్బాబు, ఓ నెల్రోజులుండిపోండి," అని విరూపాక్షం గారికి శాలువా కప్పారు. పక్క వీధివాళ్ళు ఊరుకోలేదు. తమ వీధిలో పెళ్ళుందనీ, కమిటీని రెండ్రోజులకి పంపిస్తే భోజనాలు తామే చూసుకుంటామనీ అర్జీ తెచ్చారు.

మూడో రోజున అబ్బులు ఉండబట్టలేకపోయాడు.

"సార్, నేను మెయినాపేస్తానండి. ఇంట్లో కరెంటుండదు. రెండు నిమిషాల్లో స్విచ్చి చూసేసుకోవచ్చండి."

విరూపాక్షం గారు జాలిగా నవ్వారు. "చూడు అబ్బులూ. నువ్వు మెయినాపితే, వినియోగదారుడు సరఫరాను విడిచిపెట్టినట్టు. నిబంధన ప్రకారం సరఫరాయే వినియోగదారుణ్ణి విడిచిపెట్టాలి."

"అదెప్పుడు జరుగుద్దండి?"

"మన సర్కిల్లో జరగదు."

"మరి పరీక్షండి?"

"అది జరిగాకే జరుగుతుంది."

ఆ మాట తర్కం ప్రకారం ఎంత గట్టిగా ఉందంటే, దానిలోకి గాలి కూడా దూరదు. కమిటీ స్విచ్చి పిడిని పైకెత్తి, తాడు చుట్టి, లక్క కరిగించి ముద్ర వేసింది. ‘పరీక్ష నిరవధికంగా వాయిదా. ముద్ర చెరిపినవారు శిక్షార్హులు.’ విరూపాక్షం గారు శాలువా మడత పెట్టుకుని జీపెక్కారు. జీపు మలుపు తిరిగిన నాలుగో నిమిషంలో కరెంటు పోయింది. తాయారు పెట్టె మీద బొంతలు కప్పింది. ఆ పూటకి గంటలోనే వచ్చింది గాని, గుమ్మలేరులో రేపటి కరెంటు సంగతి ఎవరికి తెలుసు?

*

పదిహేడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఈదురుగాలి లేచింది. పెట్టెలో గుడ్లు అప్పుడే లోపల్నుంచి టకటకమంటున్నాయి. తాయారు పెట్టెకి చెవి ఆనించి, తలుపవతలున్న మొగుణ్ణి సైగ చేసి పిలిచింది. ఇద్దరూ వింటుండగా లోపల బల్బు ఆరిపోయింది.

చేపల మార్కెట్ వెనక తాటిమట్ట పడి తీగలు తెగాయని కబురొచ్చింది. "ఇంకో మూడు గంటలాగుతాయండి, అంతే," అంది తాయారు. "ఆ తర్వాత గుంట తీయడమే." అబ్బులు సైకిలు తొక్కినంత సేపూ ఆ మూడు గంటల్నే తొక్కాడు.

స్తంభం దగ్గరికెళ్ళి ఆపరేటరుకి ఫోన్ చేశాడు. "గోవిందూ, ఎల్.సి. ఇవ్వరా."

"పుస్తకమేదన్నాయ్? ఎలాగా లైను చచ్చే ఉంది కదా, ఎక్కేసెయ్."

అబ్బులు ట్రాన్స్‌ఫార్మరు స్విచ్చి తనే లాగేశాడు. ఇంక ఎక్కడమే. కానీ అతనికో అలవాటుంది. ఎంత చచ్చిన లైనైనా, పొడుగాటి కర్ర కొక్కేనికి గొలుసు తగిలించి, రెండో కొస భూమిలో దిగేసి, ఆ గొలుసుని తీగలన్నిటి మీదా వేశాకే ఎక్కుతాడు. ఎక్కడ్నుంచైనా దొంగ కరెంటొస్తే గొలుసు మీంచి భూమిలోకి పోతుంది. "చచ్చినదానికి దండేస్తున్నావా అబ్బులూ?" అని తోటివాళ్ళు నవ్వేవారు.

గొలుసు తీగలకి తగిలింది. ఢామ్మని నీలం మెరుపు. కర్ర చేతిలోంచి ఎగిరి అవతల పడింది. మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ళు కేకలు పెట్టారు. రెండు వీధుల అవతల ఏదో యంత్రం ఖళ్ళుఖళ్ళుమని దగ్గి ఆగిపోయింది. ఆ వెనకే నల్లటి పొగ లేచింది.

అబ్బులు స్తంభం మొదట్లో కూలబడ్డాడు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి. లేచి, పొగని పట్టుకుని నడిచాడు. పొగ అతన్ని తిన్నగా సొంత ఆఫీసుకే తీసుకెళ్ళింది.

రిపోర్టు సహాయక యంత్రం మాడిపోయి ఉంది. శేషశయనం గారు కోత రహిత సర్క్యులర్తో పొగని విసురుతున్నారు. యంత్రం వైరు కిటికీలోంచి లోపలికొచ్చి గోడ సాకెట్లో దూరి ఉంది. రెండుమూతుల వైరు. ఆఫీసు మెయిను మీట వేసే ఉంది.

అబ్బులు దాన్ని గోడలోంచి పీకి బల్ల మీద పెట్టాడు. "సార్, మీరు ఇది ఇక్కడ గోడలో పెట్టారండి. నేను అక్కడ స్తంభం కింద ఉన్నానండి."

"కోతే లేనప్పుడు నువ్వు స్తంభం దగ్గర ఎందుకున్నావు?" అనేశారు శేషశయనం గారు. అనేశారు గాని, ఆ మాట చివరికొచ్చేసరికి ఆయన చూపు బల్ల మీది వైరు మీద పడింది. విసురుతున్న సర్క్యులర్ చేతిలోనే ఆగిపోయింది. పొగ ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆ గొలుసు లేకపోతేనండి," అని మొదలెట్టి, మిగతాది ఆయనకే వదిలేసి అబ్బులు ఫోను తీశాడు.

కొత్త తీగ కోసం జిల్లా స్టోరుకి ఫోన్ చేస్తే స్టోరు కీపరు మర్యాదగానే జవాబిచ్చాడు. "తెగినదానికే కొత్తది ఇస్తామండీ. మీ సర్కిల్లో తీగ తెగదు కదా? పక్క జిల్లాలో ఇంకా కోతలున్నాయి. వాళ్ళనడిగి చూడండి, వాళ్ళ దగ్గర అన్నీ ఉంటాయి."

పక్క జిల్లా తీగ రావాలంటే సాయంత్రం ఆరు దాటాలి.

*

అబ్బులు ఇంటికొచ్చేసరికి మూడున్నర. పెట్టె మీద మూడు బొంతలూ, పక్కన వేణ్ణీళ్ళ చెంబులూ ఉన్నాయి. ముప్ఫై ఏడున్నర మీదుండాల్సిన వేడి ముప్ఫై మూడుకి దిగింది. గుడ్ల టకటక సన్నబడింది. తాయారు లక్క ముద్ర ముందు అడకత్తెర పట్టుకుని నిలబడి ఉంది.

"తెంపేస్తానండీ."

"తెంపితే నా ఉద్యోగం పోద్దే."

"తెంపకపోతే ఇవి పోతాయండీ."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటుండగా గుమ్మంలో స్కూటరాగింది. శేషశయనం గారు. మొహాన మసి, చంకన లాప్‌టాప్, చెవిలో విరూపాక్షం గారి కేకలు.

"అబ్బులూ! లాప్‌టాప్‌లో నూటికి నాలుగు పాళ్ళే చార్జింగుంది. నాలుగింటికి సున్నా రిపోర్టు పోవాలి. మీ ఇంట్లో జనరేటరుంది కదయ్యా!"

"ఉందండి. దాని దారికి మీ ముద్రడ్డం ఉందండి."

"ముద్ర తీయాలంటే పరీక్ష జరగాలి. పరీక్ష జరగాలంటే సరఫరా ఉండకూడదు."

"లేదు కదండీ," అంది తాయారు.

"లేదని నేను రాస్తే సున్నా రిపోర్టు అబద్ధమవుతుందమ్మా! లేదని రాయకపోతే పరీక్ష చెల్లదు!" శేషశయనం గారు నుదురు కొట్టుకున్నారు. మసి ఇంకొంచెం పాకింది. తన సంస్థ కట్టిన గోడకి తనే తల కొట్టుకోవాల్సి రావడం ఆయన సర్వీసులో ఇదే మొదటిసారి.

తాయారు అడకత్తెర దించలేదు. "మీరొక్కటి చెప్పండి బాబూ. మొన్న మీ మరదలి పెళ్ళికి వారం సెలవు పెట్టెళ్ళారు కదా. ఆ వారం ఈ ఊరికి ఏ.ఇ. లేనట్టా?"

"ఎందుకు లేడు? నేనే ఏ.ఇ.ని. సెలవులో ఉన్నానంతే. సర్వీసు సర్వీసే."

"మరి కుర్చీలో ఎవరు కూర్చున్నారు?"

"పక్క సెక్షనాయన. ఇన్‌చార్జి."

"ఇద్దరూ కలిసి కూర్చున్నారా?"

"ఎలా కూర్చుంటామమ్మా! నేను బాధ్యతలు అప్పగించాకే ఆయన కూర్చోవాలి. ఆయన లేచాకే నేను కూర్చోవాలి. ఒకే కుర్చీలో ఇద్దరు అధికారులుంటే ఆఫీసు తగలబడిపోదూ?"

అన్నాక ఆయనకి వరండాలోని నల్లటి యంత్రం గుర్తొచ్చింది.

"ఈ స్విచ్చి ఆ కుర్చీయేనండి," అన్నాడు అబ్బులు మెల్లిగా. "పైకుంటే పెద్దాఫీసరు, కిందికుంటే ఇన్‌చార్జి. మధ్యలో ఓ క్షణం ఖాళీ. ఆ రెండుమూతుల వైరుతో మీరు ఇద్దర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టారండి."

శేషశయనం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కలం తీశారు. ఆయన మొహంలో, మసి కింద, ఓ వెలుగు వచ్చింది. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం వచ్చిన మొదటి వెలుగు అదే. రాసిందాన్ని బిగ్గరగా చదివారు:

"‘సరఫరా సర్వీసులోనే ఉన్నది. ఎట్టి అంతరాయమూ సంభవించలేదు. అయితే సదరు సరఫరా ఈ పూటకు సాధారణ సెలవులో ఉన్నందున, దాని బాధ్యతలు ఛేంజోవర్ స్విచ్చి ద్వారా క్రమబద్ధంగా జనరేటరుకు అప్పగించబడినవి. స్విచ్చి పనితీరు సంతృప్తికరము.’"

సంతకం పెట్టి, ముద్రని తన గోళ్ళతోనే పీకేశారు. అబ్బులు పెరట్లోకి పరిగెత్తి జనరేటరు స్టార్టయ్యే తాడు లాగాడు. తాయారు పిడిని పైనుంచి మధ్యకి దించింది, ఓ క్షణమాగింది, కిందికి వేసింది.

పెట్టెలో బల్బు వెలిగింది. శేషశయనం గారు నాలుగింటికి రెండు నిమిషాలుందనగా ‘పంపు’ నొక్కారు. ‘అంతరాయాలు: సున్నా.’ వేడి ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదు, ముప్ఫై ఆరు అని మెల్లగా ఎక్కుతుంటే ముగ్గురూ పెట్టె అద్దానికి మొహాలానించి కూర్చున్నారు. చీకటి పడకముందే ఓ గుడ్డు చీలి, బొటనవేలంత తడిపిట్ట బయటికొచ్చి తూలుకుంటూ నిలబడింది.

"ఇది ఏ గ్రేడు?" అన్నారు శేషశయనం గారు, ఏమనాలో తెలియక.

*

తర్వాత సర్కిల్ ఆఫీసు నుంచి కొత్త సర్క్యులర్ వచ్చింది. సరఫరాకి ఇకనుంచి సర్కారు ఉద్యోగుల్లాగే ఏడాదికి పదిహేను సాధారణ సెలవులు. మొదటి వారంలోనే అన్నీ అయిపోయాయి. ఆపైన పగటిపూట పోతే ఆర్జిత సెలవు, గాలివానకి పోతే మెడికల్ సెలవు, ఎందుకు పోయిందో ఎవరికీ తెలియకపోతే విహార యాత్ర సెలవు. అంతరాయాలు మాత్రం నేటికీ సున్నాయే.

అదే సర్క్యులర్లో చివరి పేరాలో ఇంకొకటుంది. బాధ్యతల అప్పగింత సక్రమంగా జరగాలి గనుక జనరేటరున్న ప్రతి ఇంట్లోనూ ఛేంజోవర్ స్విచ్చి తప్పనిసరి. రెండుమూతుల వైరు ‘ఒకే పదవిలో ఇద్దరిని ఏకకాలమున కొనసాగించుట’ కిందికి వస్తుంది గనుక తీవ్ర క్రమశిక్షణా రాహిత్యం. శేషశయనం గారు సత్తిరాజు కొట్టుకెళ్ళి ఆ వైర్లన్నీ స్వయంగా జప్తు చేశారు. మనుషులు చచ్చిపోతారని చెప్పి ఉంటే ఆ సంస్థ అంత త్వరగా కదిలేది కాదని అబ్బులు నమ్మకం.

ఎల్.సి. పుస్తకం సంగతి మాత్రం ఏ సర్క్యులర్లోనూ లేదు. సెలవులో ఉన్నదాన్ని ఆపేదేముంటుంది?

అందుకని తాయారు బల్ల కాలు కింద ఇటుకరాయి పెట్టి పుస్తకం బయటికి తీసింది. ఆ వీధిలో జనరేటర్లున్న తొమ్మిదిళ్ళవాళ్ళూ ఇప్పుడామె పిలిస్తే పలుకుతారు. కరెంటు పోగానే అబ్బులు స్తంభం కిందకెళ్ళి, ట్రాన్స్‌ఫార్మరు స్విచ్చి తనే లాగేసి, ఇంటికి ఫోన్ చేస్తాడు. తాయారు గుమ్మంలో నిలబడి కేకేస్తుంది.

"ఒదినా, మీ పిడి?"

"కిందికే!"

"సుబ్బాయమ్మత్తా, మీది?"

"మాది మధ్యలో ఉందే, పెట్రోలు లేదు!"

తొమ్మిదిళ్ళూ పలికాక తాయారు పుస్తకంలో మొగుడి పేరు రాసి, గడియారం చూసి టైము వేస్తుంది.

"రాశానండీ. ఎక్కండి. దిగాక వచ్చి సంతకం పెట్టాలి, మర్చిపోకండి."

అయినా అబ్బులు ముందు గొలుసు వేస్తాడు. తీగలు చప్పుడు చెయ్యవు. అప్పుడు ఎక్కుతాడు. పైన కరెంటు సెలవులో ఉంటుంది. కింద తాయారు డ్యూటీలో ఉంటుంది.